బొద్దింకలూ, సనోబర్ కోడలూ

కోడలు మంచిదని నలుగురి ముందు ఒప్పుకోవడం కన్నా పన్ను పీకించుకోవడం నయమనుకునే మనిషి సనోబర్. తాష్కెంటులో సోవియట్ల కాలం నాటి నాలుగంతస్తుల భవనంలో, రెండో అంతస్తులో ఆమె కాపురం. ఇంట్లో సిటీ బస్సు నడిపే కొడుకు అక్మల్, కోడలు రోబియా, నాలుగేళ్ళ మనవరాలు సెవారా ఉంటారు. వీళ్ళు కాక బొద్దింకలు ఉండేవి.

ఒకటీ అరా అయితే ఎవరు పట్టించుకుంటారు? టీ కెటిల్ ఎత్తితే దాని కింద, గోడ గడియారం దించితే దాని వెనక, పండగలకు మాత్రమే తీసే పింగాణీ పళ్ళేల మధ్య, ఎక్కడ చూసినా అవే. సనోబర్ చెయ్యని వైద్యం లేదు. పొయ్యి చుట్టూ బిరియానీ ఆకులు నలిపి చల్లింది. అలమారాల్లో దోసకాయ తొక్కలు పరిచింది. అమోనియా కలిపిన నీళ్ళతో నేల కడిగి, ఆ ఘాటుకు తానే బాల్కనీలోకి పరిగెత్తి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బొద్దింకలు మాత్రం రెండ్రోజులు పక్కింటికి చుట్టపుచూపుగా వెళ్ళి, పిల్లాపాపలతో సహా తిరిగొచ్చేవి.

వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ ఇంట్లో ఎవరికీ నవ్వే ఓపిక లేదు. సెవారాకు ఆయాసం. దగ్గు మొదలైందంటే పిల్ల పక్కటెముకలు లోపలికి పీక్కుపోయేవి, పెదవులు నీలంగా మారేవి. రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టి తెచ్చారు. రెండోసారి డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. "బొద్దింకల రెట్ట ఎండి దుమ్మయి గాల్లో కలుస్తుందమ్మా. ఈ పిల్లకి అది పడదు. మందు కొట్టిద్దామంటారేమో, ఆ వాసన అసలే పడదు. ఇల్లన్నా మారండి, వాటినన్నా వదిలించుకోండి."

ఇల్లు మారే స్తోమత ఎక్కడిది? సనోబర్ పార్కెంట్ కొండల్లో ఉండే అక్క ఇనోబత్‌కి ఫోన్ చేసింది. అక్కడ గాలి మంచిది, ఇల్లు ఖాళీ, అక్క ఒంటరిది. పిల్లని కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకోమని అడిగితే అక్క వెంటనే ఒప్పుకుంది. "శీతాకాలానికి ఆపిల్ పళ్ళు తెచ్చిస్తాగా, అప్పుడొస్తా. మీ వంటింట్లో ఒక్క బొద్దింక నా కంటబడినా పిల్లని బండెక్కించుకుని పోతా. వసంతం వచ్చేదాకా పంపను. నీ కోడలికి చేతనైతే ఆలోగా బాగు చేసుకోమను."

"దానికేం చేతనవుతుందక్కా! నోట్లో నాలుక లేదు, చేతిలో చురుకు లేదు. నీ మాటే నా మాట," అనేసింది సనోబర్.

పక్కనే పలావ్‌కి కారెట్లు తరుగుతున్న రోబియా చేతిలో కత్తి ఆగిపోయింది. ఏడుస్తుందేమో, గొడవ పెడుతుందేమోనని సనోబర్ ఓరకంట చూసింది. అలాంటిదేమీ జరగలేదు.

"అమ్మా, పెద్దమ్మ వచ్చేదాకా ఈ పని నాకొదిలెయ్యండి," అంది రోబియా. మళ్ళీ కారెట్లు తరగడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆ అమ్మాయి పైఅంతస్తు తమారా దగ్గరికి వెళ్ళి మందు నేర్చుకుని వచ్చింది. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనలో బోరిక్ పొడి, కాస్త పిండి, చిటికెడు పంచదార కలిపి, శనగగింజంత ఉండలు చేసి, ఆరబెట్టి, బొద్దింకలు తిరిగే మూలల్లో పెట్టాలి. అది తిన్న బొద్దింక దాహంతో నీళ్ళు వెతుక్కుంటూ పోయి చస్తుందట.

"ఇంతేనా? ఇది మా అమ్మమ్మ కూడా చేసింది. మళ్ళీ వచ్చాయి," అని సనోబర్ పెదవి విరిచింది.

"మనం చేస్తే పక్కింటికి పోతాయి. వాళ్ళు చేస్తే మనింటికి వస్తాయి. అందుకే ఈ మెట్ల మీదున్న ఎనిమిదిళ్ళూ ఒకే రోజు పెట్టాలమ్మా. నేను హషర్ పిలుస్తాను."

సనోబర్ ఒంటికాలి మీద లేచింది. హషర్ అంటే వీధి వీధంతా కూలి తీసుకోకుండా కలిసి చేసే పని. ఇల్లు కట్టడానికి పిలుస్తారు, కాలవ పూడిక తీయడానికి పిలుస్తారు, చివర అందరికీ పలావ్ పెడతారు. బొద్దింకల కోసం హషర్ పిలిచినవాళ్ళని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"పరువు తీస్తావా? మా ఇంట్లో బొద్దింకలున్నాయహో అని మైకు పెట్టి చెప్పుకోవడమే ఇది!"

"వాళ్ళిళ్ళల్లో లేవామ్మా?"

"ఉంటే మాత్రం ఒప్పుకుంటారా ఎవరైనా?"

సనోబర్ అన్నది నిజమే. ఆ మెట్ల మీద ఏ ఇల్లాలూ తన ఇంట్లో బొద్దింక ఉందని చచ్చినా ఒప్పుకోదు. రోబియా ఏం చేస్తుందో చూద్దామని సనోబర్ తలుపు ఓరగా తీసి చెవి ఒగ్గింది. ఎదురింటి తలుపు కొట్టిన రోబియా మెల్లగా చెబుతోంది. "అక్కా, మా ఇంట్లో బొద్దింకలు పుట్టాయి. మీ ఇంటికి వచ్చేస్తాయేమోనని నాకు సిగ్గుగా ఉంది. అవి మీ గడప తొక్కకుండా నాకు కాస్త సాయం చెయ్యాలి."

"అయ్యో, దానికేముందమ్మా! పొరుగన్నాక ఆ మాత్రం చెయ్యమా?" అని ఎదురింటావిడ గుడ్లు కూడా ఇస్తానంది. నిన్నటిదాకా చీపురుతో బొద్దింకల్ని ఇటువైపు తోసిన మహాతల్లి ఆవిడే! సనోబర్ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఎనిమిదిళ్ళ తప్పూ ఒక్కతే నెత్తిన వేసుకుని, ఎవరి మర్యాదా పోకుండా పని సాధిస్తోంది ఈ పిల్ల. ఇంత తెలివి దీనికి ఎక్కడిదని అబ్బురపడింది. ఆ ముక్క పైకి మాత్రం అనలేదు.

కింద అంతస్తు హమ్రో ఖాలా దగ్గర మాత్రం బండి ఆగింది. పెద్దావిడ కాబట్టి అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తారు. పెరట్లో తందూరు పెట్టి వీధికంతా రొట్టెలు కాల్చేది ఆవిడే. ఆవిడ వంటిల్లు సరిగ్గా నేలమాళిగ గొట్టాల పైన ఉంది. బొద్దింకలన్నీ పైకెక్కేది అక్కణ్ణించే.

"పిండిలో విషమా? రొట్టె చేసే పిండిలో? అది తీసుకెళ్ళి నేల మీద, కాళ్ళ కింద పెడతావా? లెగు, లెగు! నువ్వు ఏ తల్లి కడుపున పుట్టావే?" అంది ఖాలా.

ఆ గుమ్మం దగ్గర ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. రొట్టె ముక్క కింద పడితే తీసి కళ్ళకద్దుకునే జనం వాళ్ళు. రోబియా ముఖం ఎర్రబడింది.

"తప్పయింది ఖాలా. నేను ఆలోచించలేదు. పిండి మానేసి బంగాళాదుంప వేస్తాను."

"దుంప అయితే తిండి కాదా? ఆకలిగొన్నదాన్ని తిండి చూపించి పిలిచి చంపడం నా ఇంట్లో జరగదు. అది బొద్దింకైనా సరే. పో, వెళ్ళి మిగతావాళ్ళతో చేసుకో."

పైకొచ్చి రోబియా ఈ మాట చెప్పగానే సనోబర్ మండిపడింది. "ముసలిదానికి చాదస్తం! మిగిలినవాళ్ళందరం కలిసి మీద పడితే ఎందుకు ఒప్పుకోదు? పద, నేనడుగుతా."

"వద్దమ్మా. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఆవిడ ఇంట్లో విషం పెట్టను. వేరే దారి చూస్తాను."

హషర్ నాడు పెరట్లో బల్లలు వేశారు. ఖాలా గౌరవం కోసం రోబియా ఎవరి ఉండల్లోనూ పిండి పడనివ్వలేదు. గుడ్లు ఉడుకుతున్నాయి, దుంపలు ఉడుకుతున్నాయి, చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని ఆడవాళ్ళు ఉండలు చుడుతున్నారు.

"ఇంత శ్రద్ధగా నేను నా మొగుడికి కూడా వండలేదే!" అంది తమారా.

"ఆయనకీ ఒకటి పెట్టి చూడు, గురక ఆగుతుందేమో," అంది ఎదురింటావిడ. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. సాయంత్రానికి ఏడిళ్ళలోనూ సీసా మూతల్లో ఉండలు చేరాయి. పొయ్యిల వెనక, స్నానాల తొట్ల కింద, పిల్లల చెయ్యి దూరని చోట్ల చూసి పెట్టించింది రోబియా.

ఆ మర్నాటి నుంచి కోడలు సాయంత్రమయ్యేసరికి మాయం కావడం మొదలైంది. టీ వేళకి ఉండదు, పాత్రలు తోమే వేళకి వస్తుంది. ఎక్కడికని అడిగితే, "హమ్రో ఖాలా ఇంటికమ్మా" అని మాత్రమే అంటుంది. ఒకరోజు సనోబర్‌కి ఒళ్ళు మండింది. "నా కోడలివా, ఆవిడ కోడలివా? ఇవాళ తాడో పేడో తేల్చేస్తా!" అని చెప్పులు టపటపలాడిస్తూ కిందికి దిగింది.

ఖాలా వంటింట్లో రోబియా నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. తల సింకు కిందికి దూరి ఉంది. జిప్సం ముద్ద చేత్తో తీసుకుని గొట్టాల చుట్టూ ఉన్న కన్నాలు పూడుస్తోంది. జుట్టంతా తెల్లగా అయిపోయింది. హమ్రో ఖాలా దీపం పట్టుకుని నిలబడి సణుగుతోంది. "ఇటు కాదే, ఆ మూల. కళ్ళు కనబడవా? ఇరవయ్యేళ్ళ దానివి, నాకు కనబడేది నీకు కనబడదా?"

"చూస్తున్నా ఖాలా, చూస్తున్నా."

"ఏమిటిదంతా?" అంది సనోబర్.

"రోజూ ఇంతే," అంది ఖాలా. "కన్నాలు మూస్తుంది. పిండి సంచులన్నీ మూతలున్న డబ్బాల్లోకి ఎత్తింది. కారే కుళాయి బిగించింది. పొద్దుగూకే వేళకి సింకూ, నేలా బొట్టు తడి లేకుండా గుడ్డ పెట్టి తుడుస్తుంది. తాగడానికి చుక్క నీళ్ళు దొరక్కపోతే వాటి దారిన అవే పోతాయట. విషం పెట్టనంది, పెట్టలేదు. నా మాట నిలబెట్టింది. ఇలాంటి కోడలు నాకుంటే నెత్తిన పెట్టుకునేదాన్ని, నువ్వేమో నోట్లో నాలుక లేదని ఊరంతా చెప్పుకుంటావ్."

సనోబర్‌కి తల కొట్టేసినట్టయింది. ఒక్క మాట అని ఆవిణ్ణి ఒప్పించడం కన్నా సులువైన పని లేదు. పిల్ల జబ్బు సంగతి చెప్పి కంటతడి పెడితే ఖాలా కరిగిపోయేది. ఈ పిల్ల ఆ పని చెయ్యలేదు. ఒక ముసలావిడ నమ్మకాన్ని కదపడం ఇష్టం లేక, రోజూ నడుం విరిగేలా చాకిరీ చేస్తోంది. పైగా తన కూతురు దూరమైపోతుందన్న భయం గుండెల్లో పెట్టుకుని! తన కొడుకు చేసుకున్నది మామూలు మనిషిని కాదని సనోబర్‌కి మొదటిసారి అనిపించింది. శాలువా తీసి కుర్చీ మీద పడేసి, గుడ్డ పిండి, సింకు తుడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగింది ఆ మెట్ల మీద అందరూ చూశారు. ముందు బొద్దింకలు పట్టపగలే బయటికొచ్చి తూలుతూ నడిచాయి. "మా ఆఖరి బస్సులో ఎక్కేవాళ్ళ లాగే ఉన్నాయి," అన్నాడు అక్మల్. తర్వాత చచ్చినవి చేటలకొద్దీ ఊడ్చారు. ఆ తర్వాత ఊడవడానికి ఏమీ మిగల్లేదు. అలమారాలన్నీ సబ్బునీళ్ళతో కడిగారు, పరుపులు ఎండలో వేశారు. సెవారా దగ్గు పలచబడింది. రాన్రానూ పిల్ల పడుకుంటే గుర్రుమనే చప్పుడే వినబడకుండా పోయింది. ఆ నిశ్శబ్దానికి అలవాటు లేక సనోబర్ వంగి, పిల్ల ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఆపిల్ పళ్ళతో ఇనోబత్ దిగింది. వస్తూనే కోటు కూడా విప్పకుండా తనిఖీ మొదలుపెట్టింది. తివాచీ ఎత్తింది, ఫ్రిజ్ వెనక తొంగి చూసింది, పింగాణీ పళ్ళేలు ఒక్కొక్కటీ తిప్పింది. పిల్లకోసం కొత్త ఉన్ని మేజోళ్ళు కూడా అల్లి తెచ్చుకుంది. ముందుగది అయ్యాక వంటింటి వైపు నడిచింది.

వంటింట్లో సనోబర్ పలావ్ కలుపుతోంది, రోబియా గిన్నెల్లోకి టీ వంపుతోంది. సరిగ్గా అప్పుడే పొయ్యి వెనక నుంచి ఒక్కటి, బక్కచిక్కి, తూలుకుంటూ, నేల మధ్యకి నడిచొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో మాయదారిది! గుమ్మంలో అక్క చెప్పుల చప్పుడు. సనోబర్ ఒక్క అడుగు ముందుకేసి, దాని మీద కాలు పెట్టి నిలబడింది.

రోబియా చూసింది. అబద్ధం ఆడడం రాని మనిషి, నోరు తెరిచేసింది. "పెద్దమ్మా, అక్కడ..."

"అక్కడ నీళ్ళు మరుగుతుంటే ఇక్కడ నిలబడ్డావేం? టీ పొయ్యవే!" అని కసిరింది సనోబర్.

ఇనోబత్ వంటిల్లంతా కలియజూసింది. "రా సనోబర్, కూర్చుని మాట్లాడుకుందాం."

"నాకిక్కడే బావుంది."

"ఏం, కాలు నొప్పా? కొయ్యలా బిగుసుకుపోయావు."

"నా కాలు, నా ఇష్టం. అక్కా, నువ్వొక మాట విను. ఫోన్లో నా కోడలి గురించి వాగానే, అదంతా అబద్ధం. ఇది ఎనిమిదిళ్ళని ఒక్కతాటి మీద నడిపించింది. ఎవర్నీ నొప్పించలేదు. హమ్రో ఖాలా ఇంట్లో నేల తుడిచింది, కన్నాలు పూడ్చింది, మనకి ఒక్క మాట చెప్పుకోలేదు. దీని కాలిగోటికి సరిపోనక్కా నేను. ఇది పిల్లకి తల్లి. పిల్ల దీని దగ్గరే ఉంటుంది."

అత్తగారి నోట ఈ మాటలు వింటానని రోబియా ఏనాడూ అనుకోలేదు.

ఇనోబత్ ఏదో అనబోయేలోపు మెట్ల మీద అరుపులు వినబడ్డాయి. పెరట్లోంచి సెవారా పరిగెత్తుకుంటూ వస్తోంది. ఎక్కడా ఆగకుండా మెట్లన్నీ ఎక్కేసి, "పెద్దవ్వా! పెద్దవ్వా! నాకు ఎర్ర ఆపిల్! అన్నిటికంటే పెద్దది!" అని ఒక్క గుక్కలో అరిచి ఆవిడ కాళ్ళు చుట్టేసింది. ఇనోబత్ వంగి పిల్ల వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసింది. పిల్ల రొప్పడం లేదు.

"సరేలే," అంది చివరికి, కాస్త దిగులుగానే. "మేజోళ్ళు ఇక్కడే తొడుక్కుంటుంది. వసంతంలో మీరంతా నా దగ్గరికి రండి, నెల్లాళ్ళుండి పోవాలి. పద తల్లీ, బుట్టలో ఏది పెద్దదో చూద్దాం." ఇద్దరూ ముందుగదిలోకి వెళ్ళారు.

రోబియా కళ్ళు తుడుచుకుని, తడిగుడ్డ తీసుకుని అత్తగారి పాదాల దగ్గర కూర్చుంది.

"కాలెత్తండమ్మా," అంది మెల్లగా.

"ముందు తలుపు వేసి రా," అంది సనోబర్.