తిన్నావా అని ఒక్క ఫోను

డోన్‌లో శివజ్యోతి మధ్యాహ్నం కంచం ముందు కూర్చుందంటే ముందు సెల్‌ఫోను అందుకోవాల్సిందే. మొగుడు వీరభద్ర నాపరాళ్ల లారీ తోలుతాడు. అతను తిన్నాడని చెవులారా వింటేగానీ ఆమెకు ముద్ద దిగదు. అత్తగారి నుంచి ఆ ఇంట్లో వస్తున్న ఆనవాయితీ అది. అత్తగారి మొగుడైతే పక్క పొలంలో ఉండేవాడు, కేకేస్తే పలికేవాడు. వీరభద్ర స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి రెండో చేత్తో ఫోను ఎత్తుతాడు. ఎత్తకపోతే పిచ్చిది పస్తుంటుందని అతని బాధ. ఇద్దరికీ ఇద్దరే! ఎవరిని తిట్టాలి?

ఆ రోజూ అంతే.

"యాడుండావయ్యా? తిన్న్యావా?"

"తిన్న్యాలే. బండి తోల్తాండా. నువ్వు తి..."

మాట అక్కడే తెగింది. హారను మోత, బ్రేకుల కీచు, ఏదో దబ్బున పడిన చప్పుడు. ఆ తర్వాత గొర్రెల అరుపులు, ఎవరో ఆడమనిషి ఏడుపు. శివజ్యోతి "ఏమయ్యా! ఏమయ్యా!" అని అరుస్తూనే ఉంది. చేజేతులా మొగుణ్ణి చంపుకున్నాననుకుంది.

చివరికి ఫోనులో ఎవరో ముసలాయన పలికాడు. "ఎవురమ్మా నువ్వు?"

"ఆయప్ప పెండ్లాన్ని. బతికుండాడా? చెప్పు నాయనా!"

"ఉండాడులే. రోడ్డు పక్కన కూలబడి వణుకుతాండాడు. నేను గొర్లు కాసేటోన్ని, చిన్న ఈరన్న అంటారు. మా గొర్రె ఒగటి సచ్చిపాయ. దాని ఎనకాలే నా పెండ్లాం ఈరక్క ఉండాది. ఇంగొక్క అడుగు ఏసింటే..." ముసలాయన ఆ మాట వదిలేసి అడిగాడు. "అంత తొందర పని ఏం పడిందమ్మా నీకు?"

శివజ్యోతికి అబద్ధం తోచలేదు. "అన్నం తిన్న్యాడో లేదో అడుగుదామని చేసినా."

తిడతాడనుకుంది. తిట్టలేదు.

"మా ఈరక్కా అడుగుతాది తల్లీ. కాకపోతే ఎదురుగా కూచోని అడుగుతాది."



ఇంటికొచ్చిన వీరభద్ర, తప్పు తనదేనన్నాడు. "నువ్వు చేస్తే మాత్రం నేనెందుకు ఎత్తాల?"

"ఎత్తకుంటే తిననని బెదిరించింది నేనే కదా! ఇంగ చెయ్యను. బండి ఆపి, కిందికి దిగినాంక నువ్వే చెయ్యి. ఎంత పొద్దయినా సరే."

"అంతదాకా పస్తుంటావా?"

"తింటా" అంది.

అనడానికేం, ఎంతైనా అనొచ్చు. అతను మళ్లీ బండెక్కిన రోజు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే చెయ్యి దానంతటదే ఫోను వైపు పోయింది. వెనక్కి లాక్కుంది. మొదటి ముద్ద గొంతుకు అడ్డం పడితే నీళ్లు తాగి దింపింది. అతని కళ్లు రోడ్డు మీదే ఉండాలి, ఏ ఈరక్కయినా క్షేమంగా ఇల్లు చేరాలి అనుకుంది. ఎవరినీ ఏమీ అడక్కుండా, ఏడుస్తూనే, కంచంలో అన్నమంతా తినేసింది.