అరగంట కరెంటు

ఆల్ఫాన్స్ డెలోర్మ్ కాలివేళ్లు ఎనిమిది పోయింది చలివల్ల కాదు. మీవల్ల. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో హీటరు పక్కన కూచుని, ఆరు ఎలక్ట్రిక్ కార్లకు రిబ్బను కత్తిరించి, ఫొటోకి పళ్లికిలించి, ఛార్జర్ల సంగతి వచ్చే ఏడాది చూద్దామన్న మీవల్ల.

ఆ ఆరింటిలో ఒకటి మార్లీన్ ఫెడోరుక్ చేతికొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఒంటరి ముసలివాళ్లను చూసుకోవడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. రోజూ ఎనిమిదిన్నరకల్లా అరవై కిలోమీటర్ల అవతల ఆల్ఫాన్స్ ఇంట్లో ఉండాలి. ఇన్సులిన్ సూది వెయ్యాలి, కట్టెల పొయ్యి రాజెయ్యాలి. పక్షవాతం వచ్చాక ఆయన చేతులు అగ్గిపుల్ల గియ్యలేవు.

ఈ సస్కాచెవాన్ మంచుసీమలో పుట్టినవాళ్లు చలి ముదిరితే, బండి ఆపగానే దాని కరెంటు తీగ తీసి పార్కింగు స్తంభానికున్న ప్లగ్గుకు తగిలిస్తారు. దానికి ఆలోచన అక్కర్లేదు, చెయ్యే చేసేస్తుంది. పెట్రోలు ఇంజను బిగుసుకుపోకుండా కాస్త వెచ్చబెట్టడానికే ఆ స్తంభం. అరగంట కరెంటిస్తుంది, అరగంట ఆపేస్తుంది. ఇంజనుకు అంతే చాలు. "కొత్త కార్లూ అక్కడే తగిలించండి" అన్నారు మీరు. మార్లీన్ తగిలించింది. అనుమానమే రాలేదు.

ఆ ఉదయం మైనస్ ముప్పై ఎనిమిది. ముందురోజు నలభై మూడు శాతం మీద ఆపిన కారు తెల్లారేసరికి నలభై ఒకటి చూపించింది. వచ్చిన కాస్త కరెంటూ బ్యాటరీ ఒళ్లు కాచుకోవడానికే చాల్లేదు.

ఆమె పై అధికారి కర్టిస్‌కి ఫోను చేసింది. "ఛార్జింగు ఎక్కలేదు సరిగదా, దిగింది."

"ప్లగ్గు సరిగ్గా పెట్టారా?"

"నువ్వు లాగులు తడుపుకునే రోజులనుంచీ పెడుతున్నానయ్యా."

"తొంభై కిలోమీటర్లు పోతుందని చూపిస్తోందిగా? మీకు కావలసింది అరవై. బయల్దేరండి మార్లీన్. పాత బళ్లు అమ్మేశాం."

బయల్దేరింది. ఇరవై కిలోమీటర్లు పోయేసరికి తెరమీద అంకె సగానికి పడిపోయింది. హీటరు ఆపేసింది. తన ఊపిరే అద్దం మీద మంచై పేరుకుంటే ఒక చేత్తో గీకుతూ, ఒక చేత్తో నడిపింది. నలభై ఎనిమిదో కిలోమీటరు దగ్గర కారు చచ్చింది. ఆ పల్లంలో ఫోను పలకదు. కాఫీ డబ్బాలో కొవ్వొత్తి వెలిగించుకుని, పొయ్యి వెలగని ఆ ఇల్లే తలుచుకుంటూ గంటన్నర కూచుంది.

చివరికి మంచు తోసే బండి వచ్చింది. నడిపేవాడు ఓరెస్ట్, ఆమెతో బడిలో చదివినవాడు.

"ఏమే మార్లీన్, బొమ్మకారుకి కీ అయిపోయిందా?"

"నోర్ముయ్యి ఓరెస్ట్. ఆల్ఫాన్స్ ఇంటికి పోనీ. ఆయనకి పొయ్యి రాజేసే దిక్కులేదు."

వాడి నవ్వు ఆగిపోయింది.

వెళ్లేసరికి ఆల్ఫాన్స్ చల్లారిన పొయ్యి ముందు కూచుని ఉన్నాడు. ఇంట్లో తొడుక్కునే గుడ్డచెప్పుల నిండా మంచు.

"వచ్చావా అమ్మాయ్! నువ్వెప్పుడూ ఆలస్యం చెయ్యవుగా. గుంటలోకి జారావేమోనని రోడ్డుదాకా పోయి చూసొచ్చా. రెండుసార్లు."

"ఈ చెప్పులతోనా పెద్దాయనా!"

"కాళ్లకేం తెలీలేదే."

షుగరుతో మొద్దుబారిన కాళ్లకేం తెలుస్తుంది? చెప్పులు లాగితే వేళ్లు మైనంలా తెల్లగా, రాయిలా గట్టిగా ఉన్నాయి.

ఆస్పత్రిలో ఎనిమిది వేళ్లు తీసేశారు. ఇక ఒంటరిగా ఉండనిచ్చేది లేదని నగరంలో ముసలివాళ్ల వసతిలో పడేశారు. ఇంటికి తాళం. మార్లీన్ చూడ్డానికి వెళ్తే, "నువ్వు బాగానే ఉన్నావు గదా?" అని అడిగాడు.

తర్వాత కర్టిస్ ఆమె ముందు ఓ కాగితం తోశాడు. "ప్లగ్గు పెట్టడం మరిచానని రాయండి. మీ ఉద్యోగానికేం కాదు."

ఆమె రాసింది: "పెట్టాను. మీరు పెట్టమన్నచోటే పెట్టాను."

మిగతా అయిదు కార్లూ ఇవాళ కూడా ఆ స్తంభాలకే వేలాడుతున్నాయి. రేపు మైనస్ నలభై అంటున్నారు. ఇంకో కమిటీ వద్దు. అసలైన ఛార్జర్లు ఇప్పుడే తెప్పించండి, వెచ్చని షెడ్డులో పెట్టండి. అవి వచ్చేదాకా అద్దెకైనా పెట్రోలు బళ్లు తెచ్చి రేపు పొద్దుటికి మార్లీన్‌లా ఇల్లిల్లూ తిరిగే ఈ ఆడవాళ్ల చేతుల్లో పెట్టండి. ఆల్ఫాన్స్‌కి పగలూ రాత్రీ మనిషిని పెట్టి ఆయన్ని ఆయన ఇంటికి చేర్చండి. తప్పు ఒప్పుకునే ఆ కాగితం మీద సంతకం మీరు చెయ్యండి.