గోడ మీద ఎరుపు

తొంభై తొమ్మిది వేసవిలో మా చేనేత సంఘం కార్యదర్శి లింగయ్య మా ఇంటికి వచ్చి, చీరల స్లైడ్లకు ఇంగ్లీషులో పేర్లు రాసిపెట్టమని అడిగాడు. ఒక పూట పనే కదా అనుకుని ఒప్పుకున్నాను.

ముప్పై ఆరు స్లైడ్లు. అట్టచట్రాల్లో బిగించిన ఫిల్ము ముక్కలు. పదేళ్ల కిందట సంఘం నేసిన చీరలవి. చీరలు ఎప్పుడో అమ్ముడుపోయాయి కనుక ఆ నమూనాలకు ఇవే ఆనవాళ్లు. హైదరాబాద్‌లో జరిగే మీటింగులో వాటిని చూపించి బొంబాయి వ్యాపారుల దగ్గర మళ్లీ ఆర్డరు తెచ్చుకోవాలి. ఆ మీటింగులో ఇప్పుడు కంప్యూటర్‌కు తగిలించే ప్రొజెక్టరే వాడుతున్నారు. అందుకని స్లైడ్లను సీడీలోకి ఎక్కించి, చౌటుప్పల్ బస్టాండు ఎదురుగా కంప్యూటర్ సెంటర్ నడిపే ఖమర్‌కు అప్పగించారు. ఇరవై రెండేళ్ల పిల్ల. బొమ్మలన్నీ వరుసగా పేర్చి, నేను రాసిన పేర్లు కింద కొట్టి, మీట నొక్కితే ఒకదాని వెనుక ఒకటి వచ్చేలా చేసింది.

మీటింగుకు ముందురోజు ప్రొజెక్టరు సంఘం ఆఫీసుకు వచ్చింది, ఖమర్ తన కంప్యూటర్ తెచ్చింది. కిటికీలకు గొంగళ్లు కట్టి, సున్నం వేసిన గోడ మీద మొదటి చీర వేశారు. రంగుల షెడ్డు నుంచి బాలనర్సమ్మను కూడా పిలిచారు. ముప్పై ఏళ్లుగా సంఘం నూలుకు రంగులద్దేది ఆమే. ఆ చీరల్లోని ఎరుపు ఆమెదే.

గోడ మీద చూసి ఆమె మూతి ముడిచింది.

"ఇదెవ్వలి ఎరుపు? రగతం లేని మనిషి లెక్కున్నది."

"కంప్యూటర్ల మంచిగనే ఉంది పెద్దమ్మా, చూడు," అంది ఖమర్. నిజమే. తెర మీద నిండు ఎరుపు. గోడ మీద ఉల్లిపొర రంగు.

"చిన్న తేడానే. నోటితో చెప్పుకుందాం తియ్యి," అన్నాడు లింగయ్య.

"పోయినేడు గట్లనే చెప్పినవ్," అంది బాలనర్సమ్మ. ఆయన టీ తాగడానికి బయటికి పోయాడు.

పోయినేడు ఇలాగే గోడ మీద చూసి ఆర్డరిచ్చిన వాళ్లు, బట్ట చేరాక మేము చూసిన రంగు ఇది కాదని మూటలు తిప్పి పంపారు. తప్పు రంగులద్దిన బాలనర్సమ్మ మీదికి వచ్చింది. ఇంకోసారి అలా జరిగితే రంగేసిన నూలే బయట నుంచి కొని, షెడ్డు మూసేస్తామని సంఘం తీర్మానం రాసుకుంది.

బాలనర్సమ్మ కొంగు ముడి విప్పి ఎర్ర నూలు పోగు తీసింది. తలుపు తెరిచి, ఎండలో పోగును చూసి, లోపలికొచ్చి గోడను చూసింది.

"ఇక్కడనే పట్టుకొని చూడొచ్చు గద," అంది ఖమర్.

"గీ మిషిని వెలుగు నా పోగుకు గూడ రంగేస్తది బిడ్డా." తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు చూసింది. "నేను కాగుల నుంచి నూలు తీసినప్పుడు సరిగ్గ ఎర్రగుంటే, ఆరినంక పాలిపోతది. గందుకే తడి మీద నల్లబడేదాక ముంచుత. గీ కంప్యూటర్ డబ్బాల ఉన్నది తడి రంగు. గోడ మీదిది ఆరిన రంగు. నువ్వు తడిని చూసి సంబరపడుతున్నవ్."

ఖమర్ చేయి మౌసు మీద ఆగిపోయింది. "అంటే డబ్బాల రంగు ఖరాబు చెయ్యాల్నా?"

"చెయ్యి. నేను చెప్పేదాక చెయ్యి."

ఇంత చదివిన నాకు ఆ సంగతి తట్టలేదు. ఖమర్ ఎరుపును చిక్కబరుస్తూ పోయింది. బాలనర్సమ్మ గడప దాటి, పోగు చూసి, లోపలికొచ్చి "ఇంక" అంటుంది. పదకొండోసారి "ఊఁ" అంది.

నాకు మాత్రం ఏదో తేడాగా తోచింది. రంగేయకముందు నూలుకు కట్లు కడతారు. కట్టిన చోట తెలుపు మిగులుతుంది. ఆ తెలుపూ ఎరుపూ కలిసే అంచు దువ్వెన పళ్లలా ఉండాలి. బొమ్మంతా చిక్కబడేసరికి తెలుపు బూడిదైంది, పళ్లు మాయమయ్యాయి. అదే చెప్పాను.

"మేడం, మీవి మా అమ్మీ కళ్లు. బియ్యంల రాయి దాగలేదు," అని ఖమర్ నిట్టూర్చింది. చేసిందంతా చెరిపేసి, ఈసారి ఎరుపొక్కటే ఏరి చిక్కబరచడం మొదలుపెట్టింది. అన్నం మాట ఎత్తలేదు, విసుక్కోలేదు. ముప్పై ఆరూ అయ్యేసరికి సాయంత్రం ఐదైంది.

లింగయ్య వచ్చి నేరుగా కంప్యూటర్ వైపు చూశాడు. "ఇదేంది, కాలిన బెల్లం లెక్క చేసిండ్రు! పాతదే పెట్టుండ్రి."

"లింగన్నా, డబ్బకు ఎందుకు అతుక్కున్నవ్? గోడను చూడు," అంది బాలనర్సమ్మ.

చూశాడు. పాత సీడీ మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు అదే ప్రొజెక్టరుతో హైదరాబాద్‌కు నలుగురం వెళ్లాం. బొంబాయి నుంచి వచ్చినామె తొమ్మిదో బొమ్మ దగ్గర ఆపమంది. "నూలు సరిగ్గా ఈ రంగే వస్తుందా?" అని ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో చెప్పాను. లింగయ్య తల ఊపబోయి, బాలనర్సమ్మ వైపు చూశాడు.

ఆమె లేచి, తన నీడ పడకుండా పక్కగా గోడ దగ్గరికి నడిచింది. తొందరపడలేదు.

"మూలల జర మబ్బైంది. గా మబ్బు నాది కాదు. నడుమ ఉన్నది నా ఎరుపు. నడుమది ఇస్త."

మూల సంగతి వదిలేయమని లింగయ్య నాకు సైగ చేశాడు. నేను మూలతో సహా చెప్పాను.

ఆ బొంబాయి ఆమె నవ్వలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, గోడ మీద సరిగ్గా నడుమ వేలు పెట్టి బాలనర్సమ్మ ముఖంలోకి చూసింది.

"గదే," అంది బాలనర్సమ్మ.

బొంబాయి ఆమె అక్కడే నిలబడి ఆర్డరు కాగితం మీద తొమ్మిదో నంబరు రాసింది. పక్కన ఇంగ్లీషులో "నడుమ ఎరుపు" అని రాసి, రంగు వేసే మనిషి పేరు ఎలా రాయాలని నన్ను అడిగింది.