ఆల్‌క్లియర్ కూత

ఆ దిక్కుమాలిన సైరన్ మా గట్టుపాలేనికి పాత సరుకుగానే వచ్చింది. తెల్లదొరల యుద్ధంలో ఏ రేవులోనో కూసి కూసి, చివరికి వేలంలో పడి, మా పంచాయతీ మేడ మీదికెక్కింది. లోపల రెండు ఇనప డబ్బాలు, ఒకదాంట్లో ఒకటి, రెండిటికీ చుట్టూ కంతలు. మోటారు వేస్తే లోపలిది గిర్రున తిరిగి, గాలిని కోసి కోసి బయటికి తోస్తుంది. అదే కూత. స్విచ్చి వేస్తూ తీస్తూ ఉంటే గొంతు లేస్తూ పడుతూ ఏడుస్తుంది. తియ్యకుండా ఉంచితే ఒకే పట్టున సాగుతుంది.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆ తేడా ఊరందరికీ నూరిపోసింది నాగేశ్వరి టీచరే. లేచిపడే కూత అయితే ప్రమాదం, దాక్కోండి. ఒకే పట్టున సాగితే ఆల్‌క్లియర్, బయటికి రండి. పిల్లల చేత ఎక్కాల్లా వల్లె వేయించింది. ఊరి మీదికి ఒక్క విమానమూ రాలేదు గానీ, ఆ పాఠం మాత్రం ఆవిడ బుర్రలో మేకులా దిగిపోయింది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి గట్టు అంచుదాకా వచ్చేసింది. గండి పడుతుందని పుకారు పుట్టేసరికి పల్లపు వీధి వాళ్ళంతా మూటాముల్లే పట్టుకుని మధ్యాహ్నానికే బడి మేడెక్కారు. నాగేశ్వరీ ఎక్కింది, ఆవిడ భర్త పోస్టుమాస్టరు భాస్కరంగారూ ఎక్కారు.

పొద్దు వాలకముందే సైరన్ కూసింది. యుద్ధం తరవాత అదే మొదటిసారి. జనం గొల్లుమన్నారు. నాగేశ్వరి చెయ్యెత్తి, "ఉండండర్రా, విననివ్వండి" అంది. కూత లేవలేదు, పడలేదు. ఒకే పట్టున సాగింది.

"ఆల్‌క్లియర్! గండం గడిచిందర్రా, ఇళ్ళకి పోవచ్చు."

"ఎందుకైనా మంచిది, దండోరా వేసేదాకా ఉందామా?" అని నసిగారు భాస్కరంగారు.

"చాల్లెండి. ఊరందరికీ నేర్పినదాన్ని, నాకు తెలీదాండీ?"

"తమరు చెప్పాక తిరుగేముంది టీచరుగారూ" అని నవ్వి, మిగతావాళ్ళు మూటలు సర్దుకునేలోపే ఆయన దిగారు, ముందెళ్ళి పొయ్యి రాజేస్తానని. గండి నీళ్ళు వీధి మలుపులో ఆయనకి ఎదురొచ్చాయి. మేడ మీంచి ఆవిడ చూస్తూనే ఉంది. గొంతు చించుకుని పిలిచింది కూడా. ఆ సైరన్ హోరులో ఆ పిలుపు ఎవరికి వినపడి చస్తుంది?

కర్మ అయ్యాక పంచాయతీ లైట్ల మనిషి ఏసుపాదం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు సైరన్ వేసింది అతనే.

"ఒకే పట్టున ఎందుకు వేశావయ్యా?" అంది. తిడదామనే అంది.

"తుప్పట్టిపోయిందండి అది. ఆపితే మళ్ళీ తిరగదేమోనని భయమేసిందండి. నీళ్ళు మెట్లెక్కుతున్నా స్విచ్చి దగ్గర్నించి కదల్లేదండి."

ప్రాణాలకి తెగించి మోగించిన మనిషిని ఇంకేమని తిడుతుంది? ఊళ్ళో ఆవిణ్ణీ ఎవరూ ఒక్క మాటనలేదు. రూలు ప్రకారమే చెప్పారు కదండీ అన్నారు. అదిగో, ఆ ఓదార్పుకే ఆవిడ ఒళ్ళు మండిపోయేది. తిట్టే దిక్కన్నా లేకపోయె.

మరుసటేడు పంచాయతీ వాళ్ళు సైరన్ బాగుచేయించి, పిల్లలకి మళ్ళీ కూతల పాఠం చెప్పమన్నారు. పైగా, మీకన్నా బాగా ఎవరు చెబుతారండీ అట! సిగ్గుండాలి అడగడానికి. అయినా ఆవిడ వెళ్ళింది.

"కూత ఎలాంటిదైనా సరే, మేడెక్కండి. ఎవరు దిగమన్నా దిగకండి" అంది.

"మీరు చెప్పినా దిగకూడదాండీ?" అని అడిగింది ముందు బల్ల పిల్ల.

"నేను చెబితే అసలే దిగకండి."

టీచరుగారు హాస్యమాడారనుకుని క్లాసంతా పకపకా నవ్వింది.