ఉప్పలయ్య తిప్పిన ముల్లు

నర్సింహులపేట దగ్గర రజాకార్ల కాల్పుల్లో మా తమ్ముడు ఉప్పలయ్య పోయిన వారానికి, అతని దళంలోని బీక్యా పెద్దవంగరలో మా ఇంటికి వచ్చాడు. నిజాం రాజ్యంలో శుక్రవారం బడికి సెలవు కనుక, పంతులునైన నేను ఇంట్లోనే ఉన్నాను. బీక్యా నెత్తిమీది పచ్చిగడ్డి మోపు దించి, అందులోంచి ఒక గుడ్డమూట తీశాడు.

దొర గడీలో సంఘం పట్టుకున్న బంగారు జేబు గడియారం అది. లోపల పారిస్ అని చెక్కి ఉంది. దాని పనితనమంతా వెనుక మూతమీదే. అంచు చుట్టూ గంటకొక బొడిపె, నడుమ ఒక ముల్లు. ఆ ముల్లు తనంతట తాను తిరగదు. వేలితో ముందుకు తిప్పితే, అప్పటి వేళ దగ్గరికి రాగానే ఆగిపోతుంది. బొడిపెలు తడిమితే గంట తెలుస్తుంది. అగ్గిపుల్ల గీయరాని అడవిలో దళం దానితోనే కదిలేది.

"కండ్లున్న దొరకు తడిమి సూసుడెందుకో!" అన్నాడు బీక్యా.

"మంది గోసే సూడనోడు గడియారమేం సూస్తడు?" అంది అమ్మ.

బీక్యా నవ్వబోయి ఆగాడు.

"పంతులూ, గీ ముల్లు ఆఖరుకు తిప్పింది ఉప్పలన్ననే, తిప్పి నా చేతికిచ్చి పోయిండు. ఆగకుండ దినాం కీ తిప్పుతున్నం గని, ముల్లు ఎవ్వలం ముట్టలే. గిప్పుడు దళం కదలాలె, తిప్పక తప్పదు. మీకొక్కపారి సూపెట్టి పోదమని వచ్చిన."

తమ్ముడి శవం మాకు దొరకలేదు. ముల్లు మూడో బొడిపె దాటి ఆగి ఉంది. తెల్లవారకముందు ఎప్పుడో తడిమి ఉంటాడు. అతని వేలు ఆగిన ఆ చోటు తప్ప మాకు మిగిలిందేమీ లేదు.

"గిది ఉండనీ బీక్యా. జనగామకు పోయి ఇంకోటి కొనుక్కొస్త."

"చీకట్ల తెలిసేది యాడ దొరుకుతది పంతులూ?"

నేను గడియారాన్ని గుప్పిట్లోనే పట్టుకున్నాను.

అమ్మ నా పక్కన కూర్చుంది. "వాడు పెట్టిన కాడ నా వేలు పెట్టు బిడ్డా."

పెట్టాను. చాలాసేపు అలాగే ఉంచింది.

"మిగిలినోళ్ళన్న పానాలతోటి రావాలె గదా," అని, తానే ముల్లును మెల్లగా ముందుకు తోసింది. అది ఆగేదాకా తోసి, గడియారాన్ని బీక్యా చేతిలో పెట్టింది.

"ఎంతైంది?"

బీక్యా కళ్ళు మూసుకుని తడిమాడు. "పన్నెండు దాటిందవ్వా."

"ఐతే బువ్వ తిని పో," అంటూ అమ్మ లేచింది.