అంజినమ్మ చేనులో గుహ

ఆదివారం పూట కాళ్లు చాపుకుని ఇంట్లో పడుకోవచ్చు కదా! ధనుంజయ్‌కి ఆ రాత లేదు. ఆంధ్రా నుంచి వచ్చి హోసూరు కంపెనీలో వారమంతా షిఫ్టులు చేసేవాడు. సెలవు వచ్చిందంటే చాలు, పార, గునపం బైకుకు కట్టుకుని, తనలాంటి పిచ్చివాళ్లను నలుగురిని వెంటేసుకుని సూళగిరి అవతల అంజినమ్మ చేనుకు పోయేవాడు. ఆ చేనులో ఎప్పుడో నేల కుంగి పెద్ద గుంత పడింది. అడుగున రాళ్ల సందులోంచి చల్లగాలి కొడుతుంది. గాలి వస్తోందంటే కింద గుహ ఉన్నట్టేనని అతని పంతం.

అంజినమ్మకు మొగుడు లేడు. ఆ చేను, దిగువన బావి, బావి నీళ్లతో పండే టమాటా, అంతే ఆమె బతుకు. తవ్వుతామంటే పకపకా నవ్వింది.

"తవ్వుకోండప్పా. ఆదివారమనేది మీకే, మాకు అన్ని దినాలూ ఒకటే. బంగారం దొరికితే నాకొక ముక్కుపుడక చేయించండి, సాలు."

మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి ఆమే తెచ్చేది. ధనుంజయ్ సంగటిని అన్నంలా నములుతుంటే చూడలేకపోయేది. "సంగటిని నమిలేది యాడన్నా ఉందా? మింగప్పా!"

వానలు దగ్గరపడ్డాయి. లోపల మనుషులుండగా పైనుంచి నీళ్లు దూకితే ఇంకేమైనా ఉందా? అందుకని తవ్విన మట్టినంతా గుంత చుట్టూ గట్టుగా పోయించాడు ధనుంజయ్. అంజినమ్మ కూడా కొంగు బిగించి తట్టలు మోసింది. గట్టు ఎంత బాగా కుదిరిందంటే, మొదటి వానకు ఒక్క చుక్క లోపలికి దిగలేదు. నీళ్లన్నీ పక్కనుంచి జారి వంకలో కలిశాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

గుహ దొరికింది! బండల కింద మనిషి నిలబడేంత జాగా. అంజినమ్మను తాడు పట్టి దింపారు. ఆమె గోడ తడిమి, "ఓయమ్మా, ఎంత సల్లగా ఉంది!" అని మురిసిపోయింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చుట్టుపక్కల బావులన్నీ నిండాయి, అంజినమ్మది తప్ప. వానలు ఆగాక నీళ్లు లేక టమాటా పూత మీదే మాడిపోయింది. ఎండిన బావిలోకి తొంగి చూసినప్పుడు గానీ ధనుంజయ్‌కి తట్టలేదు. ఇన్నేళ్లూ ఆ బావికి నీళ్లు పోసింది గుంతే. దాని నోటికి అడ్డం కట్టింది తాను.

ఆ రోజే గట్టు తెగ్గొట్టాడు. తొందర మనిషి, మట్టిని దూరంగా ఎత్తిపోయాలని తోచలేదు. తర్వాతి వాన ఆ మట్టినంతా లోపలికి ఈడ్చుకుపోయి గుహను పూడ్చేసింది. రాళ్ల సందులు మూసుకుపోయాయి. నీళ్లు గుంతలోనే నిలిచిపోయాయి, బావికి చేరలేదు.

స్నేహితులు ఒక్కొక్కరే మానుకున్నారు. ధనుంజయ్ ఒక్కడే వచ్చి బురద ఎత్తిపోస్తూనే ఉన్నాడు. ఎంత తీసినా మళ్లీ ఊరుతోంది.

ఒక ఆదివారం అంజినమ్మ సంగటి తెచ్చి గుంత ఒడ్డున కూర్చుంది. చేను బీడు పెట్టేసింది. ఇప్పుడామె రోజూ కంపెనీ బస్సెక్కి హోసూరుకు ప్యాకింగ్ పనికి పోతోంది.

"నన్ను క్షమించక్కా" అన్నాడు ధనుంజయ్.

"మట్టి నేనూ మోసినాను కదప్పా, నిన్నేమనేది?" అని, ఆమె మోకాళ్లు నొక్కుకుంటూ లేచింది. "ఇంక రావద్దప్పా. నువ్వొస్తే వండి తేకుండా ఉండలేను. నాకూ ఇప్పుడు ఆదివారమొక్కటే సెలవు."