ఎడమచేతి కర్రలు

ఈ వయసులో గోల్ఫ్ ఏమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం మానేశాను. మోకాళ్ల నొప్పులని ఇంట్లో కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. కర్ర పట్టుకుని ఎండలోకి వెళితే మాత్రం కరీంనగర్‌లో ఉన్న చుట్టాలందరికీ నా ఆరోగ్యం గుర్తొస్తుంది.

అటక మీది సంచి మొన్న వేసవిలో దించాను. మా ఆయన దయాకర్‌రావు పోయాక దాన్ని పైకెక్కించింది నేనే. అందులో ఆయన గోల్ఫ్ కర్రలున్నాయి. కొన్నింటికి ఇనుప తలలు, తుప్పు పట్టాయి. దూరం కొట్టే పెద్ద కర్రకు మాత్రం నున్నటి చెక్క తల. ఇప్పుడలాంటివి ఎవరూ చేయడం లేదట. పిడికి చుట్టిన తోలు ఆయన వేళ్లు పడినచోట అరిగి నల్లబడింది. కొబ్బరినూనె రాసి తుడుస్తూ కూర్చున్నాను. తుడుస్తూనే ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

ఆయనది ఎడమచేతి వాటం. నస్పూర్ దగ్గర బొగ్గు గనిలో మేనేజర్‌గా ఉన్నప్పుడు, ఆఫీసర్ల కాలనీ వెనక ఎర్రమట్టి మైదానంలో ఆడేవారు. పచ్చగడ్డి ఎక్కడిది మాకు? బంతి పడాల్సిన గుంట చుట్టూ ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి చదును చేసేవాళ్లు. నా చీర అంచులన్నిటికీ ఆ మరకలే. నాకూ నేర్పమన్నాను. ఉన్నవేమో ఆయన కర్రలొక్కటే, ఎడమచేత్తో కొట్టడానికే చేసినవి. అలా కుడిచేతి మనిషినైన నేను ఎడమచేతి ఆట నేర్చుకున్నాను.

వెనక నిలబడి నా చేతులు పట్టుకుని నేర్పడానికి ఆయనకు సిగ్గు, కాలనీ అంతా చూస్తుందని. అందుకని నా ఎదురుగా వెళ్లి, అటు తిరిగి నిలబడి, వట్టి చేతులు ఊపి చూపించేవారు. నన్ను చూసి కొట్టమనేవారు. నా ఆటంతా ఆయన వీపు చూసి నేర్చిందే. చెమటకు అంటుకుపోయిన చొక్కా, కాస్త కిందికి జారిన ఎడమ భుజం. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆయన ముఖం కంటే ఆ వీపే ముందొస్తుంది.

ఆ మైదానం సగం గని కిందికి పోయింది. మిగిలిన సగంలో ఆయన దగ్గర పనిచేసిన వంశీధర్‌రావు, ఇంకొందరు రిటైరైనవాళ్లు ఆదివారాలు ఆడుతున్నారని తెలిసి, మా అమ్మాయి ఆమని కారులో తీసుకెళ్లింది. మొదటి వారం ఒక్కటీ సరిగా తగల్లేదు. నువ్వు ఉల్టా నిలబడుతున్నావు వదినె, కుడిచేతి కర్రలు తెచ్చుకొమ్మని వంశీధర్‌రావు సలహా. మరుసటి వారానికి ఆమని కొత్త సెట్టే కొనేసింది.

కుడిచేత్తో ఆడాలంటే ఎదురువైపు తిరిగి నిలబడాలి. ఇన్నాళ్లూ వేపచెట్ల వైపు చూసి కొట్టిన దాన్ని, వాటికి వీపు పెట్టి బొగ్గు గుట్ట వైపు తిరిగాను. బంతి గాల్లోకి లేచి చాలా దూరం పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్లీ కొట్టాను, ఇంకా దూరం పోయింది. నా మనసుకు ఏమీ అనిపించలేదు.

"చూసినవా వదినె," అన్నాడు వంశీధర్‌రావు నవ్వుతూ. "ఇన్నేండ్లు అన్న నిన్ను ఉల్టా నిలబెట్టిండు."

అప్పుడర్థమైంది. ఆయన నిలబడే చోటు ఇప్పుడు నా వెనకాల ఉంది.

పాత చెక్క కర్ర ఇమ్మని ఆమనిని అడిగాను.

"గిప్పుడే మంచిగ ఆడుతున్నవ్ గదమ్మా, గదెందుకు?"

"గిటు తిరిగితే మీ బాపు కనబడ్తలేడు."

ఆమని నా వంక చూసి, కొత్త కర్ర తీసుకుని పాతది చేతికిచ్చింది. మళ్లీ వేపచెట్ల వైపు తిరిగాను. అరిగిన తోలు మీద నా వేళ్లు ఆయన వేళ్ల చోటులో కూర్చున్నాయి. తల ఎత్తితే, నా ఆట చూడ్డానికి వచ్చి సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాడు వంశీధర్‌రావు.

"జర పక్కకు జరుగు వంశీ," అన్నాను. "గది మీ అన్న జాగ."

అతను టోపీ తీసి పక్కకు జరిగాడు.

ఖాళీగా ఉన్న ఆ చోటును కాసేపు చూసి కొట్టాను. బంతి పది అడుగులు కూడా పోలేదు. ఇంకొకటి పెట్టమన్నాను.